మీకు తెలుసా? మాయమైన బేసి ధరలు

1991లో అమెరికా నాస్‌డాక్ మార్కెట్లో జోరుగా చేతులు మారిన 100 షేర్లలో 70 షేర్లకు డీలర్లు ‘బేసి’ ధర చెప్పడం దాదాపు లేనే లేదు!

అప్పట్లో షేరు ధరను డాలరులో ఎనిమిదో వంతు, అంటే 12.5 సెంట్ల చొప్పున పెంచుతూ తగ్గిస్తూ చెప్పేవారు. ఆ లెక్కన 1/8, 3/8, 5/8, 7/8 అనే బేసి ధరలు సుమారు సగం సార్లయినా కనిపించాలి. వాటిని వదిలేస్తే డీలరు కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా 25 సెంట్ల కంటే తగ్గదు. ఆ భారం పడేది మదుపరుల మీదే. అన్యాయమంతా అక్కడే ఉంది.

విలియం క్రిస్టీ, పాల్ షుల్ట్జ్ అనే ఫైనాన్స్ ఆచార్యులు కొటేషన్ల డేటాను జల్లెడ పట్టి ఈ లోటును గుర్తించారు. డీలర్లు లోపాయికారీగా కుమ్మక్కయ్యారేమోనని ప్రశ్నించారు.

ఆ తర్వాత జరిగింది మరీ విచిత్రం. 1994 మే 26, 27 తేదీల్లో పత్రికలు ఈ సంగతి రాశాయి. 27నే మైక్రోసాఫ్ట్, సిస్కో, ఆమ్‌జెన్ షేర్లకు బేసి ధరలు ఒక్కసారిగా ప్రత్యక్షమయ్యాయి. కొనుగోలు, అమ్మకం ధరల తేడా దాదాపు సగానికి పడిపోయింది. తర్వాతి ట్రేడింగ్ రోజున ఇంటెల్, ఆపిల్‌లదీ అదే దారి.

మదుపరులు కోర్టుకెక్కారు. చివరికి డీలర్లుగా వ్యవహరించిన బ్రోకరేజీ సంస్థలు 100 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి రాజీపడ్డాయి.