ఉప్పుగాలిలో కంప్యూటర్

స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మీద మాత్రం బొమ్మ రాదు. నెల్లూరు తీరంలోని మైపాడు, కోడూరు, ఇస్కపల్లి, తుమ్మలపెంట లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఇంటి కంప్యూటర్ గురించి తరచూ వినబడే ఫిర్యాదు ఇది. మెకానిక్ వస్తాడు. ర్యామ్ పీకి, పిల్లల రబ్బరుతో రుద్ది, మళ్ళీ గుచ్చుతాడు. పనిచేస్తుంది. కొన్నాళ్ళకు మళ్ళీ అదే జబ్బు. మూడోసారి వచ్చేసరికి "మిషన్ పాతదైపోయింది, కొత్తది తీసుకోండి" అంటాడు. చాలాసార్లు అది అక్కర్లేని ఖర్చు. ప్రాసెసర్‌కు వయసు మీద పడి కంప్యూటర్ చెడటం అరుదు. మన తీరంలో దాన్ని చెడగొట్టేది లోహాల మీద చేరే ఉప్పు, చెమ్మ. ఆ రెంటినీ అదుపులో పెట్టుకుంటే పదేళ్ళ కిందటి కంప్యూటర్ కూడా పిల్లల చదువుకూ రొయ్యల గుంటల లెక్కలకూ హాయిగా సరిపోతుంది.

ఉప్పు ఇంట్లోకి ఎలా వస్తుందో చూద్దాం. అల విరిగినప్పుడు నీటిలో చిక్కుకున్న గాలి బుడగలు పైకొచ్చి పగులుతాయి. ప్రతి బుడగా కంటికి కనిపించని ఉప్పునీటి తుంపరలను ఎగజిమ్ముతుంది. మధ్యాహ్నం తిరిగే సముద్రపు గాలి వాటిని ఒడ్డు మీదికి తోస్తుంది. బరువైన తుంపరలు మొదటి కిలోమీటరు లోపే రాలిపోతాయి, సన్నవి ఇంకా లోపలికి వెళతాయి. అందుకే మైపాడులో కిటికీ ఊచలు తుప్పు పట్టినంత వేగంగా నెల్లూరు టౌనులో పట్టవు. కంప్యూటర్ ఫ్యాన్ పనే బయటి గాలిని లోపలికి లాగడం కాబట్టి, ఇంట్లో మిగతా చాలా వస్తువుల మీదకన్నా దాని లోపల ఎక్కువ ఉప్పు పోగవుతుంది.

పొడిగా ఉన్న ఉప్పుతో పెద్ద ప్రమాదం లేదు. చిక్కంతా అది తడిసినప్పుడే. స్వచ్ఛమైన సోడియం క్లోరైడ్ గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే తనంతట తాను నీటిని పీల్చుకుని ద్రవమవుతుంది. కానీ సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. వంటింట్లో జాడీలోని కల్లుప్పు ముసురు పట్టిన రోజుల్లో నీరు కారడానికి ప్రధాన కారణం ఈ మెగ్నీషియమే. ఇస్కపల్లి ఉప్పు కొటార్లలో ఉప్పు తీసుకున్నాక మిగిలే చేదు నీటిలో ఉండేదీ అదే. పడమటి వడగాలి కొట్టే ఎండాకాలపు మధ్యాహ్నాలు తప్పిస్తే మన ఒడ్డున తేమ 33 శాతం కన్నా తగ్గడం కష్టం. అంటే కంప్యూటర్ లోపలి దుమ్ము ఏడాదిలో ఎక్కువ కాలం సన్నగా తడిసే ఉంటుంది.

ఆ తడి పొర విద్యుత్తును మోస్తుంది. మదర్‌బోర్డు మీద పక్కపక్కనే ఉన్న రెండు తీగల మధ్య దూరం మిల్లీమీటరులో చిన్న వంతు. వాటి మధ్య కొద్దిపాటి వోల్టేజీ ఉన్నా, ఒక తీగలోని లోహం అయాన్లుగా కరిగి ఉప్పునీటి పొరలో ప్రయాణించి రెండో తీగ దగ్గర పేరుకుంటుంది. అలా కొమ్మలు కొమ్మలుగా పెరిగి రెండు తీగలనూ కలిపేస్తుంది. ఒకరోజు పనిచేసి మరోరోజు మొరాయించే బోర్డుల్లో ఈ జబ్బును తప్పక అనుమానించాలి. ఎండ కాసిన రోజు లేచి, వాన రోజు పడుకునే కంప్యూటర్‌ను చూశారంటే ఇక సందేహమే వద్దు, లోపల చెమ్మ ఉన్నట్టే.

ఇప్పుడు రబ్బరు సంగతి. ర్యామ్ అంచున మెరిసే పసుపు పళ్ళ మీద ఉండేది బంగారపు పూత. దాని మందం మైక్రాను కన్నా తక్కువ. కింద నికెల్, ఆ కింద రాగి. పూతలో ఉండే సూక్ష్మ రంధ్రాల్లోంచి ఉప్పు తడి లోపలికి దిగి, కింది లోహానికి చిలుము పట్టిస్తుంది, ఆ చిలుము పైకి పాకుతుంది. రబ్బరుతో రుద్దితే చిలుము పోతుంది, కొంచెం బంగారమూ పోతుంది. వచ్చేసారి చిలుము ఇంకా త్వరగా పడుతుంది. అందుకని రబ్బరు బదులు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలు పోగులు రాలని గుడ్డ వాడండి. ర్యామ్ గుచ్చే గాడిని కూడా మెత్తటి బ్రష్‌తో అదే ద్రవంతో తుడవండి. చాలామంది ర్యామ్ తుడిచి గాడిని వదిలేస్తారు, సగం జబ్బు అక్కడే మిగిలిపోతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ పనికిరాదు, అందులో నీళ్ళూ గ్లిజరినూ ఉంటాయి. ఈ ఆల్కహాల్‌కు చటుక్కున నిప్పంటుకుంటుంది కాబట్టి ప్లగ్ పీకి, కిటికీ తెరిచి, స్టవ్‌కు దూరంగా పని చేసుకోవాలి.

రొయ్యల గుంటల పక్కన ఇల్లున్నవాళ్ళకు ఇంకో శత్రువు ఉంది. రొయ్యలు తినగా మిగిలిన మేత, వాటి విసర్జన గుంట అడుగున చేరి నల్లటి బురదవుతాయి. అక్కడ ప్రాణవాయువు అందక, సముద్రపు నీటిలోని సల్ఫేటును ఆధారం చేసుకుని బతికే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదులుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన దానిదే. రొయ్యలను చంపే ఆ వాయువు వెండినీ రాగినీ కూడా తింటుంది. కంప్యూటర్ బోర్డు మీది ఆవగింజంత రెసిస్టర్లలో చాలావాటికి లోపలి అంచుల్లో వెండి ఉంటుంది. వెండి కాస్తా వెండి సల్ఫైడ్‌గా మారితే ఆ దారి తెగిపోతుంది. యూరప్‌లో 2006 జులై 1 నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని నియంత్రించారు. ఆరోగ్యానికీ నేలకూ అది చాలా మంచి నిర్ణయం. అయితే సీసం కలిసిన టంకం పూత పోయి, కొన్ని బోర్డుల మీద దాని స్థానంలో వెండి పూత వచ్చింది. గంధకం ఉన్న గాలిలో అలాంటి బోర్డులు ముందుకన్నా త్వరగా చెడటం పరిశ్రమ గమనించింది.

పెద్ద పెద్ద డేటా సెంటర్లలో గాలి నాణ్యతను కొలవడానికి రాగి, వెండి బిళ్ళలను నెలరోజులు గాలికి ఉంచి, వాటి మీద ఎంత మందాన పొర కట్టిందో చూస్తారు. రాగి మీద నెలకు 300 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు, వెండి మీద 200 లోపు ఉంటేనే ఆ గాలి కంప్యూటర్లకు మంచిదని అంతర్జాతీయ ప్రమాణం. ఆంగ్‌స్ట్రామ్ అంటే మైక్రానులో పదివేలో వంతు. కొలిచే పరికరం మన దగ్గర లేకపోయినా వెండి ఉంది. బాగా తోమి ఆరబెట్టిన చిన్న వెండి గిన్నెను కంప్యూటర్ పక్కన, ఎవరూ ముట్టుకోకుండా నెలరోజులు ఉంచండి. అది చూస్తుండగానే నల్లబడితే గుంటలవైపు కిటికీ పక్క నుంచి కంప్యూటర్‌ను లోపలి గదికి మార్చండి. ముఖ్యంగా రొయ్యల పట్టుబడి అయ్యాక గుంట ఎండగట్టి బురద తీసే రోజుల్లో ఆ కిటికీ మూసి ఉంచండి.

చెమ్మకు మందు కంప్యూటర్ దగ్గరే ఉంది, దాని వేడి. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలినే 40 డిగ్రీలకు వేడెక్కిస్తే, అందులోని నీటి ఆవిరి మారకపోయినా తేమ శాతం 46కు పడిపోతుంది. రోజూ ఒక గంట నడిచే కంప్యూటర్ లోపల అలా ఆరుతుంది. పిల్లవాడు హాస్టల్‌కు వెళ్ళాడని ప్లాస్టిక్ కవర్ కప్పి మూల పెట్టిన కంప్యూటర్ లోపలే చిలుము తీరిగ్గా పెరుగుతుంది. ప్లాస్టిక్ కవర్ చెమ్మను బయటికి పోనివ్వదు. నూలు గుడ్డ కప్పండి, అదీ ఆపేసి చల్లారాకనే. వాడకపోయినా వారానికి రెండుసార్లు ఒక గంట నడపండి.

ఏసీ గది విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి సుమారు 26 డిగ్రీల చల్లటి వస్తువును తాకితే నీటి బిందువులు కడతాయి. ఆ ఉష్ణోగ్రతనే తుషార స్థానం అంటారు. రాత్రంతా 22 డిగ్రీల దగ్గర ఏసీ వేసి, పొద్దున్నే ఆపి కిటికీలు బార్లా తెరిస్తే, చల్లగా ఉన్న కేబినెట్ లోపలా బయటా నీరు పడుతుంది. వెంటనే కంప్యూటర్ వేయడం ప్రమాదం, గది వేడెక్కేదాకా ఆగాలి. మన పక్కనే ఉన్న శ్రీహరికోటలో ఉపగ్రహాలను దుమ్మూ తేమా కొలత ప్రకారం ఉంచే శుభ్రమైన గదుల్లో సిద్ధం చేస్తారు. అదే సముద్రపు గాలిలో మన కంప్యూటర్ ఏ కాపలా లేకుండా బతుకుతోంది.

దుమ్ము దులపడం గురించి అందరికీ తెలుసు, కానీ ఉప్పు దుమ్ము జిగటగా అతుక్కుంటుంది కాబట్టి ఉత్తి బ్లోయర్‌తో పోదు. బ్రష్‌తో కదిలించి, అప్పుడు గాలి కొట్టాలి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండి పగిలితే వేడి దిగదు. వేడి హద్దు దాటుతున్నప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. రోహిణి కార్తెలో కంప్యూటర్ నత్తనడక నడిస్తే వైరస్ అనుకునే ముందు ఆ పేస్ట్ చూడండి.

కేబినెట్ ముట్టుకుంటే చేయి జిల్లుమంటుందని ఎందరో చెబుతారు, "కొంచెమే కదా" అని వదిలేస్తారు. వదిలేయకూడని సంగతి ఇది. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) లోపల కరెంటు మలినాలను వడగట్టే రెండు చిన్న కెపాసిటర్లు ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య కేబినెట్‌ను కట్టి ఉంచుతాయి. ఎర్త్ లేకపోతే 230 వోల్టులలో సగం, అంటే 115 వోల్టుల దాకా కేబినెట్ మీదికి వస్తుంది. ప్రవాహం చాలా తక్కువ కాబట్టి మనిషికి జిల్లు మాత్రమే తగులుతుంది. కానీ ఆ స్థితిలో యూఎస్‌బీ వైరో, మానిటర్ వైరో గుచ్చితే ప్రింటరో, మానిటరో పోవచ్చు. పైగా లోపల నిజంగా ఇన్సులేషన్ చెడి ఫేజ్ తగిలిన రోజున కాపాడేది ఏదీ ఉండదు. మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌తో వాడటం మానేయండి. తీరంలో ఎర్త్ గుంటలోని ఇనుప పైపు తుప్పు పట్టి తీగ ఊడిపోవడం మామూలే. ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్‌తో దాన్ని తవ్వించి చూపించండి. పిడుగులు పడేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గూ ఇంటర్నెట్ వైరూ రెండూ పీకేయాలి.

తప్పు వెతికేటప్పుడు ఖర్చు లేనిదాంతో మొదలుపెట్టండి. కంప్యూటర్ వేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంటే, వెబ్‌సైట్లన్నీ "సురక్షితం కాదు" అంటుంటే, తప్పు ఇంటర్నెట్‌ది కాకపోవచ్చు. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు గడువు తేదీలుంటాయి, గడియారం తప్పితే అవి చెల్లనట్టే కనిపిస్తాయి. మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్ 2032 అనే మూడు వోల్టుల బ్యాటరీ మారిస్తే సరి. దానికయ్యే ఖర్చు చాలా కొంచెం. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో ఎవరూ విప్పొద్దు. 230 వోల్టుల కరెంటు దాని కెపాసిటర్లలో 325 వోల్టులుగానో అంతకన్నా ఎక్కువగానో నిలవ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కొంతసేపు.

కంప్యూటర్‌ను శుభ్రం చేశాకనే కొత్త భాగాల ఆలోచన చేయాలి. నన్నడిగితే పాత కంప్యూటర్‌కు డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు, హార్డ్ డిస్కు బదులు పెట్టే ఎస్‌ఎస్‌డీ. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కులో కావలసిన సమాచారం ఉన్న చోటికి ముల్లు చేరి, పళ్ళెం తిరిగి రావడానికి సగటున 12 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు ఎనభై చోట్ల నుంచి చదవగలదు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, అదే పని మిల్లీసెకనులో పదో వంతులో అయిపోతుంది. దాని తర్వాత ర్యామ్. డీడీఆర్ 3 ర్యామ్‌కు 240 పిన్నులు, డీడీఆర్ 4కు 288. గాటు వేరే చోట ఉంటుంది, ఒకదాని గాడిలో ఇంకోదాన్ని బలవంతంగా దూర్చకండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 పాత ప్రాసెసర్లను చాలావాటిని ఒప్పుకోదు. అంతమాత్రాన వాటిని పారేయాల్సిన పని లేదు, లినక్స్ వేసుకోవచ్చు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి ఏళ్ళ తరబడి శ్రమించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది.

ఇక వరద. 2021 నవంబరులో పెన్నా పొంగి, కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర రహదారికీ రైలు కట్టకూ గండి పడటం మనకు గుర్తుంది. నీట మునిగిన కంప్యూటర్‌ను "పనిచేస్తుందేమో చూద్దాం" అని స్విచ్ వేయడమే దాని ప్రాణం తీస్తుంది. ముందు బ్యాటరీ తీసేయండి. బోర్డును బ్యాటరీల కొట్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో బురదా ఉప్పూ పోయేదాకా కడగండి. తర్వాత ఆల్కహాల్‌తో కడిగి, నీడలో ఫ్యాన్ కింద కొన్ని రోజులు ఆరనివ్వండి. బియ్యంలో పెట్టినందువల్ల ఉప్పు పోదు. హార్డ్ డిస్కుకు గాలి రంధ్రం ఉంటుంది, అందులోంచి నీరు వెళ్ళి ఉండవచ్చు. దాన్ని నడపకుండా డేటా తీసే నిపుణులకు ఇవ్వండి. అందరికన్నా నిశ్చింతగా ఉండేది ముందే ఇంకో డిస్కులోకి ఫొటోలూ లెక్కలూ ఎక్కించి, దాన్ని నెల్లూరులోనో మరో ఊళ్ళోనో బంధువుల ఇంట ఉంచినవాళ్ళు.

మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు మూడో వారం నుంచి. దసరా సాధారణంగా దానికి ముందే వస్తుంది. ఆయుధ పూజ నాడు కంప్యూటర్‌కు కూడా పసుపు కుంకుమ పెట్టే ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. ఈ దసరాకు బొట్టు పెట్టే ముందు పక్క తలుపు విప్పి, లోపలంతా శుభ్రం చేసి, డేటా ఇంకో డిస్కులోకి ఎక్కించి, ఎర్త్ చూపించుకోండి. బొట్టు మాత్రం గాలి రంధ్రాలకు, వైర్లు గుచ్చే చోట్లకు దూరంగా పెట్టండి.