కారులో పాట, పిల్లల చెవులు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు పెళ్ళికి వెళ్ళినా జాతరకు వెళ్ళినా కారులో పాట మోగవలసిందే. వద్దనం. కాని మీ కారు వెనుక స్పీకర్లు ఎవరి తల వెనుక మోగుతున్నాయో ఎప్పుడైనా గమనించారా? వెనుక సీటులో కూర్చున్న పిల్లల చెవుల దగ్గరే!

లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సన్నని రోమకణాలుంటాయి. అవి ఒకసారి నశిస్తే మళ్ళీ పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 80 డెసిబెల్స్ ధ్వనిని పెద్దలు వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే 4 గంటలే. పిల్లలకు ఆ 40 గంటల హద్దు 75 దగ్గరే ఆగుతుంది.

బండి ఆపి, అద్దాలు మూసి, వెనుక స్పీకర్లు మోగకుండా ఫేడర్‌ను పూర్తిగా ముందుకు తిప్పండి. బేస్, ట్రెబుల్ నడిమిలో ఉంచండి. పాటలో మాట స్పష్టంగా తెలిసేంత వరకే ధ్వని పెంచండి. ఆపైన ఫేడర్‌ను కొద్దికొద్దిగా వెనక్కు జరపండి. పాట వెనుకనుంచి వస్తున్నట్టు తోచగానే కాస్త ముందుకు తెచ్చి ఆపండి. ఈ సంగతి డ్రైవరుకు తెలియదు. పెద్దవారొకరు వెనుక కూర్చుని చెప్పాలి.

రోడ్డెక్కాక గాలి హోరుకు పోటీగా పాట పెంచకండి, అద్దం ఎత్తండి. వెనుక లారీ హారను కూడా వినబడాలి కదా!

దిగాక చెవుల్లో గుయ్‌మనే మోత మరునాటికీ తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోండి.