చేయి ఒక్కటే... మ్యాచ్‌లు 162!

ఫాస్ట్‌బౌలర్‌ని ఏ మ్యాచ్‌లో ఆడించాలి, ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలి అన్నది క్రికెట్‌లో పెద్ద చర్చ. అమెరికా బేస్‌బాల్‌లో అయితే అది రోజూ ఉండే తలనొప్పి. ఆరు నెలల సీజన్‌లో ఎవరి చేతిని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు దాచాలో జట్టు మేనేజర్ తేల్చుకోవాలి. సరిగ్గా తేలిస్తే ఎవరూ గమనించరు. తప్పితే మాత్రం... ఇరవై ఏళ్లయినా మరిచిపోరు!

2003 అక్టోబరు 16. న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియం కిటకిటలాడుతోంది. యాంకీస్‌కీ బోస్టన్ రెడ్‌సాక్స్‌కీ మధ్య ఆఖరి పోరు. గెలిచినవాళ్లు వరల్డ్ సిరీస్‌కి వెళ్తారు. 1918 తర్వాత మళ్లీ టైటిల్ ఎరగని బోస్టన్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 5-2 ఆధిక్యంలో ఉంది. బంతి పెడ్రో మార్టినెజ్ చేతిలో ఉంది. ఆ తరంలో అతణ్ని మించిన పిచర్ లేడనేవాళ్లు చాలామందే.

కానీ పెడ్రో అలసిపోయాడు. వరసగా రెండు దెబ్బలు తగిలాయి. స్కోరు 5-3 అయింది. మేనేజర్ గ్రేడీ లిటిల్ మైదానంలోకి నడిచి వెళ్లాడు. అప్పటికే పెడ్రో 115 బంతులు విసిరాడు. బయట ఇద్దరు కొత్త పిచర్లు సిద్ధంగా ఉన్నారు, ఆ నెలంతా బ్రహ్మాండంగా వేస్తున్నారు కూడా. 'వేయగలవా?' అని లిటిల్ అడిగాడు. వేస్తానన్నాడు పెడ్రో. మేనేజర్ ఒంటరిగా వెనక్కి వచ్చేశాడు.

ఆ తర్వాత మరో రెండు దెబ్బలు. స్కోరు 5-5. పదకొండో ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ మొదటి బంతినే స్టాండ్స్‌లోకి పంపించేశాడు. బోస్టన్ కథ ముగిసింది. పదకొండు రోజులకి లిటిల్ ఉద్యోగం కూడా పోయింది.

ఇప్పుడు పదిహేడేళ్లు ముందుకి వెళ్దాం. 2020 అక్టోబరు 27. వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్. టంపా బే రేస్ ఓడితే ఇంటికే. ఆ జట్టు పిచర్ బ్లేక్ స్నెల్ మాత్రం లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ని ఒక ఆట ఆడుకుంటున్నాడు. తొమ్మిది మందిని స్ట్రైకౌట్ చేశాడు. వేసినవి 73 బంతులే. జట్టు 1-0తో ముందుంది. ఆరో ఇన్నింగ్స్‌లో అతనిమీద రెండో హిట్ పడింది, అంతే. మేనేజర్ కెవిన్ క్యాష్ వచ్చి బంతి తీసేసుకున్నాడు! కొత్త పిచర్ వచ్చాక నిమిషాల్లో ఆధిక్యం పోయింది. డాడ్జర్స్ 3-1తో గెలిచి కప్పు ఎత్తుకుపోయారు.

ఒకాయన్ని పిచర్‌ని తీయనందుకు తిట్టారు. ఇంకొకాయన్ని తీసినందుకు తిట్టారు. మరి ఏది సరైనది? ఆ ప్రశ్నకి జవాబు ఆ రెండు రాత్రుల్లో దొరకదు. దానికోసం ఏప్రిల్ నుంచీ సాగే ఓ పెద్ద లెక్కలోకి వెళ్లాలి.

బంతుల పద్దు

క్రికెట్ తెలిసినవాళ్లకి బేస్‌బాల్ అర్థం కావడం కష్టమేమీ కాదు. బౌలర్ లాంటివాడు పిచర్. ఒక్కో జట్టు తొమ్మిదిసార్లు బ్యాటింగ్ చేస్తుంది. ప్రతిసారీ ముగ్గురు అవుటైతే ఆ ఇన్నింగ్స్ అయిపోయినట్టే. అంటే మ్యాచ్ గెలవాలంటే పిచర్లు మామూలుగా 27 మందిని అవుట్ చేయాలి. ట్వంటీ20లోలా మనిషికి నాలుగు ఓవర్లన్న పరిమితి లేదు. ఓవరు మారగానే బంతి ఇంకొకరికి ఇవ్వాలన్న నియమమూ లేదు. ఒకడే మొత్తం వేయొచ్చు. కానీ ఒకసారి బయటికి పంపితే ఆ మ్యాచ్‌లో అతను మళ్లీ రావడానికి లేదు.

ఇలాంటి మ్యాచ్‌లు ఆరు నెలల్లో 162. వారానికి ఆరేడు రోజులు ఆటే. లెక్కేస్తే ఒక జట్టు పిచర్లు సీజన్‌కి దాదాపు 1,450 ఇన్నింగ్స్ వేయాలి. 26 మంది జట్టులో పిచర్లు 13 మందికి మించకూడదన్నది నిబంధన. అందులో మామూలుగా ఐదుగురు స్టార్టర్లు, అంటే మ్యాచ్ మొదలుపెట్టేవాళ్లు. వంతులవారీగా ఐదారు రోజులకోసారి దిగి, 90-100 బంతులు వేసి వెళ్తారు. ఆ ఐదుగురూ గాయాల్లేకుండా తలా 160 ఇన్నింగ్స్ వేశారనుకున్నా 800 అవుతాయి. మిగతా 650 ఎవరు వేయాలి? ఆ భారమంతా బుల్‌పెన్‌దే.

పూర్వం ఈ గొడవ లేదు. మొదలుపెట్టినవాడే ముగించేవాడు. 1890 నుంచి 1911 వరకూ ఆడిన సై యంగ్ తన కెరీర్‌లో 749 మ్యాచ్‌లు చివరిదాకా తనే వేశాడు. ఇప్పుడు ఏ పిచర్ అయినా ఏడాదిలో నాలుగైదు మ్యాచ్‌లు అలా ముగిస్తే గొప్పే. కారణం వేగం. ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో గంటకి సుమారు 147 కిలోమీటర్లుంటే, 2024కి దాదాపు 152కి చేరింది. ప్రతి బంతినీ ఉన్న బలమంతా పెట్టి విసిరేవాడు ఎక్కువసేపు నిలవలేడు. పైగా ఒకే పిచర్‌ని మూడోసారి ఎదుర్కొనేటప్పటికి బ్యాటర్లకి అతని బంతులు అలవాటైపోతాయి, బాగా కొడతారు. 2020లో క్యాష్ స్నెల్‌ని తీసేసింది ఆ లెక్కతోనే. అప్పుడు మూడోసారి బ్యాటింగ్‌కి వస్తున్నది డాడ్జర్స్ టాప్ ఆర్డర్ మరి!

ఫోన్ మోగితే...

బుల్‌పెన్ అంటే మైదానం అంచున పిచర్లు చేయి వేడెక్కించుకునే చోటు. చాలా స్టేడియాల్లో అది కంచె అవతల ఉంటుంది. ఎనిమిది మంది అక్కడ కూర్చుని ఆట చూస్తుంటారు. డగౌట్ నుంచి అక్కడికో ఫోన్. అది మోగిందంటే ఎవరో ఒకరు లేవాల్సిందే.

వాళ్లందరిదీ ఒకే పని కాదు. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఆధిక్యాన్ని కాపాడేవాడు క్లోజర్. అతనికి ముందు ఎనిమిదో ఇన్నింగ్స్ చూసుకునేవాడు సెటప్ మ్యాన్. స్టార్టర్ తొందరగా చేతులెత్తేస్తే రెండు మూడు ఇన్నింగ్స్ భారం మోసేవాడు లాంగ్ రిలీవర్. క్లోజర్లలో మహారాజు యాంకీస్‌కి ఆడిన పనామా దేశస్థుడు మరియానో రివెరా. 19 సీజన్లలో 652 విజయాల్ని కాపాడాడు. మామూలుగా అతనిది ఒక ఇన్నింగ్స్ పనే. కానీ 2003లో ఆ రాత్రి మేనేజర్ జో టోరీ అతనితో ఏకంగా మూడు ఇన్నింగ్స్ వేయించాడు. ఓడితే సీజన్ అయిపోయినట్టే కాబట్టి అంత సాహసం చేశాడు. అదే పని మే నెలలో చేస్తే రివెరా ఆ తర్వాత కొన్ని రోజులు పనికిరాడు.

మేనేజర్‌కి అసలు చిక్కు అక్కడే. ఈరోజు గెలుపు కోసం ముగ్గురు మంచి పిచర్లని వాడేశాడనుకోండి. రేపు వాళ్లలో ఒకరే మిగలొచ్చు. ఎల్లుండి మ్యాచ్ అదనపు ఇన్నింగ్స్‌కి వెళ్తే? అందుకే వరసగా మూడో రోజు ఒకే మనిషిని దించడానికి జంకుతారు. గెలవగలిగే మ్యాచ్‌లో కూడా క్లోజర్‌ని కుర్చీలోంచి లేపరు. టీవీ ముందున్న అభిమాని 'వాణ్నెందుకు దించడు!' అని జుట్టు పీక్కుంటాడు. అతను నిన్నా మొన్నా వేశాడన్న సంగతి మేనేజర్‌కి గుర్తుంటుంది.

ఇంకో దొంగ ఖర్చూ ఉంది. ఫోన్ రాగానే పిచర్ లేచి ఇరవై పాతిక బంతులు విసిరి సిద్ధమవుతాడు. ఈలోగా ఆట మలుపు తిరుగుతుంది, అతని అవసరం ఉండదు. మళ్లీ వెళ్లి కూర్చుంటాడు. స్కోరుకార్డులో అతని పేరు కనిపించదు. కానీ ఆ పాతిక బంతులూ చేతికి గుర్తుంటాయి. మంచి మేనేజర్ ఆ పద్దు కూడా రాసుకుంటాడు. అనవసరంగా ఎవర్నీ లేపడు.

జట్టు 9-1తో ఓడిపోతున్న రోజున ఎవరో ఒకరు మిగతా ఇన్నింగ్స్ వేసి దెబ్బలు తినాలి. మిగతావాళ్ల చేతులు మిగలాలంటే ఆ ఒక్కడు నలిగిపోక తప్పదు. అలా మూడు ఇన్నింగ్స్ వేసి పరువు నిలబెట్టిన కుర్రాడికి మర్నాడు దక్కేదేమిటి? ఒక్కోసారి చిన్న లీగ్‌కి వెనక్కి వెళ్లే టికెట్టు! అతను కొన్ని రోజులు వేయలేడు కాబట్టి, అతని స్థానంలో అలసిపోని చేతిని పిలుస్తారు. ఇలా పైకీ కిందికీ తిప్పడం మరీ ఎక్కువైపోవడంతో, ఒక ఆటగాణ్ని సీజన్‌లో ఐదుసార్లకి మించి కిందికి పంపకూడదని 2022లో పరిమితి పెట్టారు.

మోచేతిలో చిన్న పట్టీ

క్రికెట్‌లో మోచేయి వంచి విసిరితే తప్పు. బేస్‌బాల్‌లో ఆ వంపే ఆయుధం. చేయి కొరడాలా విదిలిస్తే సుమారు 145 గ్రాముల బంతి 18.44 మీటర్ల దూరంలోని ప్లేటు మీదుగా దూసుకుపోతుంది. ఆ విసురు ఒత్తిడిని తట్టుకునేవాటిలో ముఖ్యమైనది మోచేతి లోపలి పక్కనుండే చిన్న పట్టీలాంటి బంధనం. అది తెగితే ఒకప్పుడు పిచర్ పని అయిపోయినట్టే.

1974 జులైలో డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కి అదే జరిగింది. సెప్టెంబరు 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి చేతిలోంచి స్నాయువు తీసి, బంతి విసిరే ఎడమ మోచేతిలో అమర్చాడు. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒక వంతే అనుకున్నారు. టామీ జాన్ 1976లో తిరిగొచ్చి 46 ఏళ్లు వచ్చేదాకా ఆడాడు. 288 విజయాల్లో 164 ఆపరేషన్ తర్వాత వచ్చినవే. ఈరోజు ఆ శస్త్రచికిత్సని అతని పేరుతోనే పిలుస్తున్నారు. అయినా కోలుకోవడానికి ఏడాదికిపైనే పడుతుంది.

విచిత్రమేమిటంటే, 1974లో అదే జట్టులో మైక్ మార్షల్ అనే రిలీవర్ ఏకంగా 106 మ్యాచ్‌లలో దిగి 208 ఇన్నింగ్స్ వేశాడు. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఒకే జట్టు, ఒకే ఏడాది. ఒక చేయి తెగింది, ఇంకో చేయి ఇనుములా నిలబడింది. ఏ చేయి ఎన్ని బంతులు ఓర్చుకుంటుందో ముందే చెప్పే మీటరు లేదు.

దాచిపెడితే దక్కుతుందా?

'అయితే మంచి చేతిని దాచిపెట్టుకుంటే సరిపోతుందిగా' అనిపిస్తుంది. వాషింగ్టన్ నేషనల్స్ ఆ పనే చేసింది. ఆ జట్టు యువ సంచలనం స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌కి 2010లో టామీ జాన్ ఆపరేషన్ అయింది. 2012లో అతను 15 విజయాలతో ఊపుమీదున్నాడు. జట్టు 98 మ్యాచ్‌లు గెలిచింది. ఆ నగరం 1933 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్ మ్యాచ్‌లు చూడబోతోంది. సరిగ్గా అప్పుడే, సెప్టెంబరులో, యాజమాన్యం అతన్ని ఆపేసింది. 159 ఇన్నింగ్స్ చాలు, చేయి ముఖ్యం అంది. దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది.

అతను లేకుండా ఆడిన నేషనల్స్ ఆఖరి మ్యాచ్‌లో 6-0 ఆధిక్యం నుంచి జారిపడి సెయింట్ లూయిస్ కార్డినల్స్ చేతిలో 9-7తో ఓడిపోయింది. తప్పు చేశారన్నారంతా. ఏడేళ్లు గడిచాయి. 2019లో అదే జట్టు మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. అందులో అత్యుత్తమ ఆటగాడెవరు? స్ట్రాస్‌బర్గే! దాచిన చేయి దక్కిందన్నమాట. ఏడేళ్లకి 24.5 కోట్ల డాలర్ల ఒప్పందం కూడా చేసుకున్నారు. కథ అక్కడితో ఆగితే బాగుండేది. ఆ తర్వాత గాయాలతో అతను ఆడింది ఎనిమిదే మ్యాచ్‌లు. 2024లో ఆటకి వీడ్కోలు చెప్పాడు.

మరి 2012లో ఆపడం తప్పా, ఒప్పా? ఇప్పటికీ తేలలేదు.

రేపు లేని రోజు

ఇన్ని లెక్కలూ ఒక్క రోజు మాత్రం పక్కకి పోతాయి. రేపంటూ లేని రోజున.

2025 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్. డాడ్జర్స్, టొరంటో బ్లూజేస్ 18 ఇన్నింగ్స్ ఆడారు. ఆరున్నర గంటల ఆట. డాడ్జర్స్ బుల్‌పెన్‌లో చివరికి మిగిలింది విల్ క్లైన్ ఒక్కడే. అంతకుముందు అతని పేరు తెలిసినవాళ్లు తక్కువ. నాలుగు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. అతనూ వేయలేకపోతే దిగడానికి సిద్ధమవుతున్నదెవరో తెలుసా? రెండ్రోజుల కిందటే పూర్తి మ్యాచ్ వేసిన జపాన్ పిచర్ యోషినోబు యమమోటో!

ఆ రోజు అతని అవసరం రాలేదు. తర్వాత ఆరో మ్యాచ్‌లో యమమోటో 96 బంతులు వేసి గెలిపించాడు. మర్నాడే ఏడో మ్యాచ్. స్టార్టర్‌కి నాలుగైదు రోజుల విశ్రాంతి ఉండాలన్న సూత్రం గాలికి పోయింది. మేనేజర్ డేవ్ రాబర్ట్స్ అతన్నే పిలిచాడు. మరో 34 బంతులు వేసి, పదకొండో ఇన్నింగ్స్‌లో 5-4తో మ్యాచ్‌ని ముగించాడు యమమోటో. సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడూ అతనే.

మరి రాబర్ట్స్ అంత తెగించగలిగాడంటే? మర్నాడు మ్యాచ్ లేదు. అంతకన్నా ముఖ్యం, నవంబరు నాటికి ఆ చేతిలో ఇంకా 34 బంతులు మిగిలున్నాయి. అవి మే నెలలోనో జూన్‌లోనో ఖర్చయిపోకుండా మిగిలినవి. ఏదో ఒక మామూలు మంగళవారం, స్టాండ్స్‌లో జనం గోల చేస్తున్నా మేనేజర్ ఫోన్ దగ్గరికి వెళ్లకుండా కూర్చున్నప్పుడు దాచినవి.

ఆ మంగళవారం జట్టు ఓడిపోయి ఉండొచ్చు. దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు... ఆయన తప్ప!