చింతగింజ పట్టు

బోధన్ శక్కర్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరంతో పాటు ఫొటోలు పంపారు. వాళ్ల అమ్మమ్మ పెళ్లినాటి నిర్మల్ బొమ్మ. నెత్తిన కుండ పెట్టుకున్న ఆడమనిషి. భుజం దగ్గర మొదలైన పగులు చీర కుచ్చిళ్ల దాకా నిట్టనిలువునా దిగింది. దానికి ఇరుపక్కలా రంగు పెచ్చులు అంచులు పైకి లేపుకుని ఉన్నాయి. వాటి కింద తెల్లటి పూత, ఆ కింద గోధుమరంగు ముద్ద కనిపిస్తున్నాయి. "షాపులో దొరికే తెల్ల జిగురుతో అతికించొచ్చా?" అని ఆమె ప్రశ్న.

వద్దమ్మా. ఎందుకు వద్దో ఆ గోధుమరంగు ముద్దే చెబుతుంది.

చెక్క సంగతి గబగబా చెప్పేస్తాను. నిర్మల్ బొమ్మ చేసేది తేలికైన, మెత్తని పొనికి చెక్కతో. చెక్క ఏదైనా వానాకాలం తేమకు ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. అదీ అడ్డంగానే, నిలువునా దాదాపు కదలదు. అందుకే పగులు ఎప్పుడూ నార వెంటే వస్తుంది. చెక్క మీద రంపప్పొట్టు, చింతగింజల పిండి కలిపిన లప్పం (ఆ గోధుమరంగు ముద్ద ఇదే), దాని మీద తెల్లమట్టి, ఆపైన రంగు.

ఇక చింతగింజ. మొలకెత్తబోయే మొక్క కోసం ఈ గింజ దాచుకున్న తిండి బియ్యంలో ఉండేలాంటి పిండిపదార్థం కాదు, జైలోగ్లూకాన్. గ్లూకోజ్‌లు వరసగా కలిసిన పొడవాటి గొలుసు ఇది. ఆ వరస, ఆ ముడి అచ్చం చెక్కలోని సెల్యులోజ్‌వే. తేడా ఒక్కటే: ఇక్కడ దాదాపు ప్రతి నాలుగు గ్లూకోజ్‌లలో మూడింటికి పక్కన జైలోజ్ అనే చక్కెర కొమ్మలా మొలిచి ఉంటుంది. కొన్ని కొమ్మల చివర గాలాక్టోజ్ కూడా ఉంటుంది. కొమ్మల్లేని సెల్యులోజ్ గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని నీళ్లను లోపలికి రానివ్వవు. నూలు చీర ఎన్నిసార్లు ఉతికినా కరగకపోవడం అందుకే. కొమ్మలున్న గొలుసులు అంత దగ్గరికి చేరలేవు. మధ్యలోకి నీళ్లు దూరతాయి, ఉడికిస్తే చిక్కటి జిగురవుతుంది.

ఆ జిగురును చెక్కకు రాసినప్పుడు జరిగేదే నాకు ప్రాణం. గింజ గొలుసు వెన్ను చెక్క గొలుసు వెన్ను పక్కన ఒదిగిపోతుంది. రెండింటి మధ్యా హైడ్రోజన్ బంధాలు పడతాయి. విడివిడిగా ఒక్కోటీ బలహీనమే, గొలుసు పొడవునా కలిస్తే మాత్రం ఊడదీయడం కష్టం. ఇది మనిషి కుదిర్చిన సంబంధం కూడా కాదు. పెరిగే మొక్కల కణాల గోడల్లో సెల్యులోజ్ నారలను అంటిపెట్టుకుని ఉండేది ఈ జైలోగ్లూకానే. అంటే నిర్మల్ బొమ్మలు చేసే నకాషీలు చెట్టు సొంత జిగురునే చెట్టుకు రాశారన్నమాట!

దీన్ని పోల్చుకోవడంలో పెద్దపెద్దవాళ్లే బోల్తాపడ్డారు. 1839లో ఫోగెల్, ష్లైడెన్ అనే జర్మన్లు చింతగింజ లాంటి గింజల కణాల గోడలకు అయోడిన్ తగిలిస్తే నీలం తేలడం చూసి, పిండిపదార్థానికి చుట్టమనుకుని 'అమిలాయిడ్' అన్నారు. 1854లో విర్కో అనే వైద్యుడు మనిషి మెదడులో ఆ నీలాన్నే చూసి అదే దారి పట్టాడు. రోగుల అవయవాల్లో పేరుకునే అమిలాయిడ్‌లో ఉన్నది ప్రొటీన్ అని 1859లో తేలింది. అయినా అల్జీమర్స్ వ్యాధిలో 'అమిలాయిడ్' పేరు ఈనాటికీ పోలేదు. 1942లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థకు చెందిన ఘోష్, కృష్ణ చింతగింజ నుంచి జెల్లీ కట్టే పదార్థం తీయొచ్చని చూపించారు. వెంటనే దాన్ని పెక్టిన్ అన్నవాళ్లు బోలెడుమంది. పెక్టిన్‌కు గుర్తయిన గాలాక్టురోనిక్ ఆమ్లం ఇందులో లేదు. పళ్ల పెక్టిన్ జెల్లీ కట్టాలంటే చక్కెరతో పాటు పులుపూ కావాలి, దీనికి చక్కెర దండిగా ఉంటే చాలు. నీళ్లను చక్కెర లాగేసుకుంటే గొలుసులు ఒకదానికొకటి చిక్కుకుంటాయి. 1937లో పుట్టి 2015 చివర్లో మూతపడ్డ నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఉన్న మీ శక్కర్‌నగర్‌లో జెల్లీ కార్ఖానా కూడా వెలసి ఉంటే ఎంత బాగుండేదో!

ఉపయోగాలేమిటని అడుగుతారు, నాకు తెలుసు. నూలుకు గంజి, కంటి చుక్కల మందు. ఇంత అందమైన అణువును చూపించాక కూడా ఈ ప్రశ్న ఎందుకో!

తెల్ల జిగురు పాలీవినైల్ ఎసిటేట్. ముప్పై, నలభై డిగ్రీల మధ్యే మెత్తబడడం మొదలుపెడుతుంది. మే నెలలో నిజామాబాద్ ఎండ నలభై నాలుగు దాటుతుంది. అప్పుడు అతుకు జారుతుంది, దుమ్ము పట్టుకుంటుంది. పైగా తెల్లమట్టి పూతలోకి ఇంకిందంటే మళ్లీ తీయలేం. చింతగింజ జిగురైతే గోరువెచ్చని తడికి మెత్తబడుతుంది, రేపు ఇంకొకరు మళ్లీ బాగుచేసుకోవచ్చు. అలాగని బొమ్మను తడపకండి, మట్టిపూత కరుగుతుంది. సన్నని కుంచెతో పెచ్చు కిందికి కొంచెం జిగురు పోనిచ్చి, బటర్ పేపర్ వేసి వేలితో అదిమితే చాలు. మొదలుపెట్టే ముందు పగులు లోపలి నుంచి చిటికెడు ముద్ద గీకి, పలచని అయోడిన్ చుక్క వేసి చూడండి. నల్లని నీలం వస్తే ఎవరో ఇంతకుముందే మైదా ఉడికించి అతికించారన్నమాట. ఆకుపచ్చ కలిసిన నీలమైతే అది చింతగింజే.

జిగురుకు గింజలు వేయించి, నానబెట్టి, ఎర్రటి పొట్టు మొత్తం వలిచాకే రుబ్బాలి. పొట్టులో టానిన్ ఉంటుంది. అది ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది, కాబట్టి ఇనప మూకుడులో ఉడికించొద్దు. బొమ్మలో తుప్పుపట్టిన మేకు ఉంటే ముందు దాని సంగతి చూడండి.