జేగురు రంగు చూసి రాయిని నమ్మకండి!

మీ ఇంట్లో ఎవరి చేతికైనా గోమేధికం ఉంగరం ఉందా? తేనె, బెల్లం పాకం కలిపినట్టుండే ఎరుపు గోధుమ రాయి. రాహు దోషానికని వేలకు వేలు పోసి కొంటారు. అది అసలుదో కాదో ఒట్టి కళ్లతో చెప్పమంటే మాత్రం అనుభవం ఉన్న వ్యాపారి కూడా తడబడతాడు. అదే రంగులో జిర్కాన్ దొరుకుతుంది, గాజూ దొరుకుతుంది.

అందుకే రత్నాల ల్యాబ్‌లో రంగుని చివర్లో చూస్తారు, ముందు కొలుస్తారు. గోమేధికం అంటే గార్నెట్ కుటుంబంలోని హెసొనైట్. నీటికంటే దాదాపు 3.65 రెట్లు సాంద్రం. రాయిని గాలిలో ఒకసారి, నీళ్లలో వేలాడదీసి ఒకసారి తూచి, గాలిలోని బరువుని ఆ తేడాతో భాగించండి. మార్కుల కోసం బట్టీపట్టిన ఆర్కిమెడిస్ సూత్రమే! 4.6 వచ్చిందంటే జిర్కాన్ అని అనుమానించాలి. గాజు సాంద్రత రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి, భూతద్దంలో గాలిబుడగల కోసం వెతకాలి. హెసొనైట్ లోపల పాకం తిప్పినట్టు చారలు కనిపిస్తాయి.

ఈ రంగుల్లో చాలావాటి వెనకున్నది ఒక్కటే, ఇనుము. అది ఏ స్థితిలో, ఏ అణువుల మధ్య ఉందనేదే తేడా. ఆల్మండైన్ గార్నెట్‌లో ఎనిమిది ఆక్సిజన్ల మధ్య ఇరుక్కుని ముదురు ఎరుపునిస్తుంది. హెమటైట్ స్ఫటికం చూడ్డానికి నల్లగా, ఉక్కులా మెరుస్తుంది. దాన్ని తెల్ల పింగాణీ టైల్ వెనకవైపు గీయండి, జేగురు రంగు గీత పడుతుంది. గోథైట్ అయితే పసుపు గోధుమ గీత. గోథైట్‌ని కాలిస్తే నీరు పోయి హెమటైట్ అవుతుంది. బట్టీలో ఇటుక ఎర్రబడేది ఈ మార్పు వల్లే.

మన దగ్గరి ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట కొండలో ఆల్మండైన్ దొరుకుతుంది. బైజాంటైన్ కాలంలో చెక్కిన ఒక గార్నెట్ ఇక్కడి నుంచే వెళ్లిందని 2018లో పరిశోధకులు ప్రచురించారు. ఎలా తేల్చారు? రాయి లోపలి సిల్లిమనైట్ సూదులు, సూక్ష్మ మూలకాల పాళ్లు సరిపోల్చి. రంగుని బట్టి అయితే ఏ దేశమైనా చెప్పొచ్చు!

మరి ఇందులో ఉద్యోగాలు? సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం అమీర్‌పేటలో హాస్టల్ తీసుకుంటాం. అదే హైదరాబాద్‌లో ఎన్జీఆర్‌ఐ, ఎన్‌ఆర్‌ఎస్‌సీ, అణు ఖనిజాల డైరెక్టరేట్, ఎన్‌ఎండీసీ, జీఎస్‌ఐ శిక్షణ సంస్థ ఉన్నాయని చాలామందికి తెలీదు. జీఎస్‌ఐ జియాలజిస్టుల్ని తీసుకునేది యూపీఎస్‌సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా. దీనికి ఒట్టి డిగ్రీ చాలదు, జియాలజీ లేదా సంబంధిత సబ్జెక్టులో పీజీ కావాలి. కెమిస్ట్ పోస్టుకి కెమిస్ట్రీ పీజీ.

బీటెక్ వాళ్లకి దారి డేటా వైపు నుంచి ఉంది. హెమటైట్ 860 నానోమీటర్ల దగ్గర, గోథైట్ 900 దాటాక కాంతిని పీల్చుకుంటాయి. ఉపగ్రహ చిత్రంలో ఈ చిన్న పల్లాన్ని పట్టుకుని ఖనిజాన్ని గుర్తించే కోడ్ రాయాలంటే పైథాన్ వస్తే సగం పని అయినట్టే, మిగతా సగం ఖనిజశాస్త్రం. ఖనిజాల స్పెక్ట్రా ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఫైనలియర్ ప్రాజెక్టుకి మళ్లీ అటెండెన్స్ యాప్ చేసే బదులు, ఈ రెండిటినీ వేరుచేసే ప్రోగ్రాం రాసి చూడండి.