వృద్ధాశ్రమంలోనూ హక్కు హక్కే

సర్వస్తోత్రాలూ సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై దరూద్, సలామ్.

ధార్మిక సోదరులారా! సంతానం గల్ఫ్‌లోనో, అమెరికాలోనో స్థిరపడగా, మన పెద్దలలో కొందరు నేడు వృద్ధాశ్రమాలలో నివసిస్తున్నారు. వారిని అక్కడ చేర్చటం తగునా, తగదా అని మనం చర్చించుకుంటాము. చేరిన తర్వాత వారికి ఏ హక్కులున్నాయో మాత్రం విచారించము. తల్లిదండ్రుల నివాసం మారినంత మాత్రాన వారి హక్కు మారదు.

మొదటిది, సంతానంపై హక్కు. బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయతులో అల్లాహ్ తన ఆరాధనను ఆదేశించిన వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆదేశించాడు. వారి వృద్ధాప్యాన్ని ప్రస్తావించిన చోట ‘ఇందక’ అనే పదం ఉంది. దాని అర్థం ‘నీ వద్ద’. ఆ వయస్సులో వారికి మన సామీప్యం ఎంత అవసరమో ఈ ఒక్క పదం తెలుపుతున్నది. నెలనెలా రుసుము పంపితే ఈ బాధ్యత తీరదు. తరచు వెళ్లి చూడటం, పలకరించటం, వారి విషయాలలో వారి మాట వినటం కూడా వారికి చెల్లవలసిన బాకీలే.

రెండవది, ఆశ్రమంపై హక్కు. ఒప్పందాలను నెరవేర్చమని మాయిదా సూరా తొలి ఆయతు ఆజ్ఞాపిస్తున్నది. అప్పును సయితం వ్రాసుకోవాలని బఖరా సూరా 282వ ఆయతు నేర్పింది. కనుక గది, భోజనం, వైద్యం, వెళ్లిపోదలిస్తే తిరిగివచ్చే డిపాజిట్టు, హలాల్ ఆహారం, నమాజుకు చోటు - అన్నీ చేరక ముందే వ్రాయించుకోవాలి. రుసుము లేకుండా ఉంటున్నవారి గౌరవం కూడా ఒకరు పెట్టే భిక్ష కాదు.

మూడవది, చట్టమిచ్చిన హక్కు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ కరువైన తల్లిదండ్రులు ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు రూ.10,000 వరకు భృతి ఇప్పించే అధికారం దానికి ఉన్నది. స్వయంగా వెళ్లలేనివారు మరొకరికి ఆ పని అప్పగించవచ్చు. 60 ఏళ్లు నిండినవారు ఆస్తిని హిబా చేసేటప్పుడు, తమను చూసుకోవాలన్న షరతును పత్రంలో వ్రాయించాలి. ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయగలదు. సలహా కావలసినవారికి 14567 సహాయవాణి ఉన్నది.

సోదరులారా! అర్జీ పెట్టిన తల్లిని ‘కుటుంబం పరువు తీసింది’ అని నిందించకండి. హక్కు అడగటం పాపం కాదు, ఎగవేయటమే పాపం. అల్లాహ్ తన హక్కు విషయంలో క్షమించవచ్చు. దాసుల హక్కుకు మాత్రం ప్రళయదినాన ఆ దాసులకే జవాబు చెప్పుకోవాలి. ఈ వారమే మీ సమీపంలోని ఆశ్రమానికి వెళ్లి, అక్కడి పెద్దల బాగోగులు విచారించండి.

అల్లాహ్ మనకు తల్లిదండ్రుల హక్కులు నెరవేర్చే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.