ఒక్క దినపు తీరిక: బెంగుళూరికి వచ్చే నేత సోదరులకు

ఎగ్జిబిషన్ల కాలం వచ్చినదంటే ధర్మవరం, వెంకటగిరి, మంగళగిరి, పోచంపల్లి వైపుల నుండి నేత సోదరులు మూటలతో బెంగుళూరులో దిగుతారు. చిత్రకళా పరిషత్తు ఆవరణలోనో మరొకచోటనో స్టాలు పెట్టి, అమ్మకం ముగించి, లెక్కలు చూచుకొన్న తరువాత తిరుగు రైలుకు ఒక దినం మిగులుతుంది. అప్పుడు మా సంఘ కార్యాలయానికి వచ్చి అందరూ అడిగే మాట ఒకటే: “ఇక్కడ చూడదగినవి ఏమున్నాయి?” ఇంతకాలం నోటితో చెప్పుచున్న జవాబును, కొందరు సభ్యులు కోరినందున, ఈసారి కాగితం మీద పెట్టుచున్నాను.

ఊరు దాటలేని వారికి లాల్‌బాగ్ ఉన్నది. 1760లో హైదరలీ మొదలుపెట్టిన తోట, టిప్పు పెంచినాడు. ఇప్పుడు 240 ఎకరాలు. అద్దాల మేడకు పునాదిరాయి 1889లో పడినది. రిపబ్లిక్ దినానికి, స్వాతంత్ర్య దినానికి పూల ప్రదర్శన జరుగుతుంది గాని, ఆ రోజుల్లో పూలకన్న తలలే ఎక్కువ కనిపిస్తాయి. అక్కడి నుండి మెట్రోలో కృష్ణరాజేంద్ర మార్కెట్టు వద్ద దిగితే టిప్పు వేసవి భవనం దగ్గరే. 1791లో పూర్తయిన టేకు కట్టడం అది.

ఆ పక్కనే పాత పేటలు. 1537లో కెంపేగౌడ ఊరు కట్టినప్పుడు వృత్తుల వారికి, వర్తకులకు వేరువేరు పేటలు ఏర్పరచినాడు. అరళెపేట అంటే మన మాటలో దూదిపేట. కబ్బన్‌పేట, నగరత్‌పేట సందులలో ఒకప్పుడు మగ్గాల చప్పుడు వినబడేది. తెలుగు మాట్లాడే దేవాంగులు, తొగటలు అక్కడ ఎందరో నేసినారు. నేడు ఆ సందులలో ఎక్కువగా దుకాణాలు, గోడౌనులే. ఏ గైడూ చూపడు, కాని మనవారు ఒక గంట నడిచి చూడవలసిన చోటు.

మైసూరు రోడ్డున ఏబది కిలోమీటర్లు పోతే రామనగరం. సినిమా ప్రియులు 1975 నాటి ‘షోలే’ తీసిన బండలు చూడటానికి పోతారు. మనం పోవలసినది ప్రభుత్వ పట్టుగూళ్ళ మార్కెట్టుకు. జీవితమంతా పట్టు నేసి, గూడు వేలమెట్లు జరుగుతుందో చూడనివారు మనలో చాలమంది. తట్టలలో పోసిన గూళ్ళను రీలింగు చేసేవారు చేతితో ఎంచి చూచుకొనే తీరు గమనిస్తే, మనకు దారం ధర ఎక్కడ మొదలగునో తెలుస్తుంది. ఉదయాన్నే పోవలెను. ఇంకొంచెం ముందుకు పోతే చెన్నపట్టణం లక్కబొమ్మలు. మన ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్రే వారిదీ.

ఇక నంది కొండ. అరవై కిలోమీటర్లు, ఎత్తు 4,850 అడుగులు. సూర్యోదయం బాగుంటుంది, శని ఆదివారాలు మాత్రం వద్దు. కొండ కంటె కొండ క్రింది భోగనందీశ్వరాలయమే నాకు ఇష్టం. వేయేండ్ల నాటి రాతిపని, నిశ్శబ్దం, పెద్ద కోనేరు.

ఈ నంది ప్రయాణం గురించే ఒక సంగతి చెప్పవలెను. పోయిన ఏడు ధర్మవరం వైపు నుండి ఒక వృద్ధ దంపతులు వచ్చినారు. ఏబది యేండ్లు గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనుషులు. ఆడిట్ పని ఉన్నందున నేను వెంట పోక, ఒక అద్దె కారు మాట్లాడి పంపినాను. అది నా తప్పే. డ్రైవరు కొండ చూపించి, గుడికి తీసికొనిపోవుటకు బదులు దారిలోని ఒక పట్టు దుకాణం ముందు ఆపినాడు. “ఫ్యాక్టరీ ధర, చేమగ్గం” అని బోర్డు. లోపల ధర్మవరం చీర అని ఒకటి పరచినారు. పెద్దాయన అంచు తిప్పి చూచినాడు. బట్ట వెడల్పు తగ్గకుండా మనం తగిలించే కర్ర ముళ్ళు గుచ్చిన సన్నని రంధ్రాలు ఎక్కడా లేవు. వెనుకవైపు చూచినాడు. ధర అడిగినాడు. మాటాడక లేచి వచ్చినాడు. గంటన్నర అక్కడే పోయినందున గుడి చూడకుండానే తిరిగి వచ్చినారు.

సాయంత్రం నా ఎదుట కూర్చొని, “ఏమప్పా, మా ఊరి పేరు పెట్టి మరమగ్గం చీర అమ్ముతా ఉంటే నేనెవురికి చెప్పుకోవాల?” అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు.

జవాబు కాగితం మీద ఉన్నది. 1985 నాటి చట్టం అంచు, కొంగు గల కొన్ని రకాల చీరలతో సహా 11 రకాలను చేమగ్గానికి ప్రత్యేకించినది. ఫిర్యాదు చేనేత శాఖకు ఇవ్వవచ్చును. సిల్క్ మార్క్ పట్టు అసలైనదని చెప్పునే గాని చేతితో నేసినదని చెప్పదు. దానికి 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ వేరుగా ఉన్నది. కొనేవారిలో ఎందరికి ఈ తేడా తెలుసును?

దుకాణంలో జరిగే ప్రతి అమ్మకం మీద డ్రైవరుకు వాటా పోతుందని తరువాత తెలిసినది. మరి ఈ మధ్య ఒక యాత్రల ఏజెంటు మా కార్యాలయానికే వచ్చి, యాత్రికుల బస్సును మా మగ్గాల షెడ్డుకు తెస్తాను, అమ్మకంలో వాటా ఇవ్వండి అన్నాడు. పాలకవర్గంలో ఇద్దరు ఒప్పుకొందామన్నారు. బీరువాలలో సరుకు నిలిచియున్న మాట నిజమే. కాని ఆ వాటా ఎక్కడినుండి వచ్చును? ధర పెంచితే కొనేవాడు పోవును, పెంచకపోతే నేసినవాని కూలిలోనుండి పోవును. బస్సుకు ఇంత అని రసీదు వ్రాసి ఇచ్చే రుసుము అయితే సరే, చీరకు ఇంత అనే శాతం వద్దని నేను వ్రాసి ఇచ్చినాను. సర్వసభ్య సమావేశంలో తేలవలసియున్నది. ఇతర సంఘాలవారు ఇట్టి ఏర్పాటు చేసియుంటే మంచిచెడ్డలు తెలుపుతూ జాబు వ్రాయగలరు.

ఆ దంపతులను మరునాడు రైలు ఎక్కనివ్వలేదు. నేనే లేపాక్షికి తీసికొనిపోయినాను. నూటిరవై కిలోమీటర్లు, హైదరాబాదు రోడ్డున కొడికొండ చెక్‌పోస్టు వద్ద తిరగవలెను. రైలులో పోయేవారు హిందూపురంలో దిగితే అక్కడికి పదిహేను కిలోమీటర్లు.

అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయం అది. అందరూ వ్రేలాడే స్తంభం క్రింద గుడ్డ దూర్చి చూస్తారు. మా పెద్దాయనా తన ఉత్తరీయం దూర్చినాడు. తరువాత రంగమండపంలో తల ఎత్తి చూచినవాడు ఇక దించలేదు. కప్పు నిండా బొమ్మలు. ఎరుపు, గోధుమ, నలుపు, ఆకుపచ్చ, తెలుపు. ఆ బొమ్మలలోని స్త్రీలు కట్టినవి చీరలే: చారలు, గళ్ళు, పువ్వులు, ఒకదానికొకటి పోలని అంచులు. మెడ నొప్పి పుట్టి ఆయన నేలమీద వెల్లకిల పడుకొన్నాడు. అత్త మాత్రం బయట లతామండపంలో స్తంభం స్తంభానికీ తిరుగుచున్నది. ఒక్కొక్క దానిపై ఒక్కొక్క లత చెక్కియున్నది. వీటిని చూచి నేసిన అంచులు మన చీరలపై ఎన్నో ఉన్నవి. 2022లో ఈ ఆలయం యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కినది.

“నాయనా, కాగితముందా?” అని అత్త అడిగినది. జేబులో ఎగ్జిబిషన్ బిల్లు పుస్తకం తప్ప ఏమీ లేదు. ఆ బిల్లుల వెనుక నాలుగు లతలు గీసికొన్నది. ఐదవది గీయుచుండగా నంది విగ్రహం చూడవలెనని పెద్దాయన తొందర చేసినాడు. ఇరవయ్యేడు అడుగుల పొడవు గల ఒకే రాయి అది, గుడికి నడిచిపోగల దూరంలోనే కలదు.

పోయేవారు గళ్ళ కాగితం, పెన్సిలు, కప్పు చూచుటకు చేతి అద్దం వెంట పెట్టుకొనవలెను.